ఆఖరి ఫారం

నిర్మల్,
12 ఏప్రిల్ 1966

బిడ్డా ప్రమోదినీ,

ఇక్కడి ఎండలో సగం నీకు పంపాలని ఉంది గానీ పోస్టాఫీసువాళ్లు తీసుకోరు. మీ చిన్నమ్మ, నేను బాగున్నాం.

తొమ్మిదో ఫారం ప్రూఫులు నిన్న అందాయి. నేను రాసి, తిరగరాసి, నాలుగుసార్లు చదివి కూడా వదిలేసిన తప్పులు నువ్వు పట్టావు. శుక్రుడి ముచ్చటలో ఒక వాక్యానికి కర్తే లేదని నాకు ఇన్నేళ్లుగా తోచలేదు. బళ్లో పిల్లలకు సైన్సు చెప్పేదానివి, భాష మీద ఇంత చురుకైన కన్ను నీకెక్కడిదో తెలియదు. ఎక్కడిదైతేనేం, నా ఖగోళశాస్త్రం పుస్తకం బాగుపడుతోంది.

కొమురెల్లి ప్రెస్సులో ఒక ఫారానికి సరిపోయే అక్షరాలే ఉన్నాయన్నావు. ఎనిమిది పేజీలు కూర్చి, అచ్చువేసి, ఆ సీసం అక్షరాలు విప్పి గళ్లలో పోసుకుంటే గానీ తర్వాతి ఎనిమిది పేజీలు మొదలు కావన్నమాట. ఆలస్యమైతే కానివ్వు. ఇంకా మూడు ఫారాలు. పన్నెండోది అయితే ఇన్నేళ్ల పని ఒడ్డున పడుతుంది.

ఆ పన్నెండోదే నాకు ప్రాణం. విశ్వానికి పుట్టుక లేదు, చావు లేదు. నక్షత్ర సమూహాలు ఒకదానికొకటి దూరం జరుగుతుంటే ఖాళీ అయిన చోట కొత్త పదార్థం కొంచెం కొంచెంగా పుడుతూ ఉంటుంది. అందుకే ఎప్పుడు చూసినా విశ్వం ఇట్లాగే ఉంటుంది. మన దగ్గర పోలీసు చర్య జరిగిన ఏడే ఇంగ్లండులో ఈ సిద్ధాంతం చెప్పారు. ఉర్దూలో బి.ఎస్సీ చదివి, తెలుగులో పాఠం చెప్పి, ఇంగ్లీషు పత్రికలు చదువుకున్న నా బుర్రకు అన్ని భాషల్లోనూ సరిపోయిన మాట అదొక్కటే. మొదటి పేజీ మొదటి వాక్యం కూడా అదే కదా. ఆఖరి ఫారం దాన్ని రుజువు చేసి ముగిస్తుంది. జాగ్రత్తగా చూడు.

మీ ఇంట్లో అందరూ కులాసానే అనుకుంటాను.

మీ చిన్నాయన
విద్యాసాగర్‌రావు


కరీంనగర్,
24 జూన్ 1966

చిన్నాయనా, దండాలు.

వేసవి శిక్షణకని హైదరాబాదు పోయి మొన్ననే తిరిగి వచ్చాను. పదకొండో ఫారం అచ్చయిపోయింది. పన్నెండోది కూర్చి పెట్టారు. ఇంకా అచ్చు వేయలేదు. వేయవద్దని నేనే ఆపాను. కోప్పడకుండా చివరిదాకా చదవండి.

శిక్షణలో ఒక ప్రొఫెసరు కొత్త సంగతి చెప్పారు. అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఉపగ్రహాల సంకేతాలు పట్టడానికి కట్టిన పెద్ద కొమ్ములాంటి ఆంటెన్నాతో ఆకాశాన్ని కొలుస్తుంటే, ఒక సన్నని రొద ఆగకుండా వినిపించిందట. ఎటు తిప్పినా అంతే. పగలూ రాత్రీ అంతే, ఎండాకాలం చలికాలం అంతే. అందులో పావురాలు గూడు పెట్టాయని వాటిని వెళ్లగొట్టారు, రెట్టలు కడిగారు. రొద పోలేదు. లెక్కగడితే అది మూడు డిగ్రీల వేడి. సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే సున్నా కాదు, అంతకంటే కిందికి చల్లారడానికి వీల్లేని సున్నా. దానికి మూడు పైన.

విశ్వం ఒకప్పుడు చాలా ఇరుకుగా, చెప్పలేనంత వేడిగా ఉండి, విచ్చుకుంటూ చల్లారితే ఇప్పటికి సరిగ్గా ఇట్లాంటి వేడే మిగలాలని, అది అన్ని దిక్కులా సమానంగా ఉండాలని లెక్కలు ముందే ఉన్నాయట. ఎప్పుడూ ఇట్లాగే ఉన్న విశ్వంలో ఈ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో మీ సిద్ధాంతం వాళ్లు చెప్పలేకపోతున్నారు.

నేను రెండుసార్లు లేచి ప్రశ్నలు అడిగాను. మీ తరఫున అడిగాను. ఆయన రెండింటికీ లెక్క వేసి చూపించారు.

ఆఖరి ఫారం ఒక్కటి తిరగరాయండి, చిన్నాయనా. మన జిల్లాల పిల్లల చేతికి తెలుగులో ఇట్లాంటి పుస్తకం రావడం ఇదే మొదలు. అది వచ్చేనాటికే పాతదైపోతే నాకు బాధ.

బాపుకు కండ్లు బాగా లేవు. శుక్లాలు కావట. హైదరాబాదులో చూపించాం.

ప్రమోదిని


నిర్మల్,
3 జూలై 1966

ప్రమోదినీ,

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ ప్రొఫెసరు వ్యవహారం. ఒక కొమ్ము, ఒక రొద, నాలుగు పావురాలు. ఇంతమాత్రానికే విశ్వానికి బారసాల చేసేశారా?

నేను ముప్పై ఏళ్లు పిల్లలకు ప్రయోగాలు చేయించినవాణ్ణి. యంత్రంలో రొద వస్తే ముందు యంత్రాన్ని అనుమానించాలి. పావురాలు పోతే ఉడుతలు ఉండవచ్చు. వాళ్లు ఒకే తరంగం దగ్గర కొలిచి ఇంత మాట అంటే, రేపు ఇంకొకరు ఇంకో తరంగం దగ్గర కొలిచి ఇంకో మాట అంటారు. అప్పుడు మళ్లీ పన్నెండో ఫారం తిరగరాయనా?

అచ్చు వేయమని కొమురెల్లికి చెప్పు. రాసింది నేను, పేరు నాది, మాట పడేది నేను.

చిన్నమ్మ నీకు వడియాలు పంపుతానంటోంది.

చిన్నాయన


కరీంనగర్,
22 జూలై 1966

చిన్నాయనా,

ఇంకో తరంగం దగ్గర కొలిచేశారు. వేరే వాళ్లు, వేరే యంత్రంతో. అదే మూడు డిగ్రీలు వచ్చింది. ప్రొఫెసరుకు ఉత్తరం రాసి అడిగి తెలుసుకున్నాను. ఆయన పంపిన వ్యాసం నకలు ఇందులో పెడుతున్నాను. అక్కడ పావురాల ముచ్చట లేదు.

నిప్పు లేనిదే పొగ రాదని మీరే కదా మాకు చిన్నప్పుడు చెప్పింది. ఇక్కడ ఉన్నది పొగ కూడా కాదు, చల్లారిన పొయ్యిలో మిగిలిన వేడి.

కొమురెల్లి రోజూ మనిషిని పంపుతున్నాడు. పన్నెండో ఫారం అట్లాగే బిగించి ఉండడంతో వాళ్ల అక్షరాలన్నీ అందులోనే చిక్కుకున్నాయి. పెళ్లి కార్డు కూర్చాలన్నా అక్షరాలు చాలడం లేదట. 'అక్కా, ఎయ్యనన్న ఎయ్యమను, ఇప్పనన్న ఇప్పమను' అని మొత్తుకుంటున్నాడు. మొదటి పదకొండు ఫారాలకు ఇక ఎవరూ ఏమీ చేయలేరు. అవి కాగితం మీదికెక్కి కట్టలు కట్టి ఉన్నాయి. ఈ ఒక్కటే ఇంకా మన చేతిలో ఉంది.

ఒక మాట అడుగుతాను. మీకు మింగుడుపడని సంగతి ఆ రొదేనా? లేక విశ్వానికి మొదలు ఉందని మీ పేరుతో అచ్చయితే బాపు గెలిచినట్టవుతుందనా? నేను ముప్పై దాటినదాన్ని. ఇట్లా అడగడం తప్పయితే తిట్టండి.

ప్రమోదిని


నిర్మల్,
9 ఆగస్టు 1966

ప్రమోదినీ,

తిట్టను. అడిగావు కాబట్టి చెబుతాను. అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. నీకు ఎవరు ఎట్లా చెప్పారో నాకు తెలియదు.

యాభై ఏడులో ధర్మపురిలో మా అవ్వ సంవత్సరీకం. గోదావరి ఒడ్డున అన్నదమ్ములం ఇద్దరం పీటల మీద కూర్చున్నాం. అయ్యవారు సంకల్పం చెప్పిస్తున్నారు. 'ద్వితీయ పరార్ధే' అన్న దగ్గర నేను నోరు మూసుకున్నాను. బ్రహ్మకు ఆయుష్షు సగం గడిచింది, లోకం ఫలానప్పుడు పుట్టింది, మనం ఫలాన చోట ఉన్నాం అని లెక్క చెప్పే మాట అది. అన్నం పెట్టిన తల్లి పేరు మీద నేను నమ్మని మాట అననన్నాను. గొడవ చేయాలని కాదు. నిజంగానే నోరు రాలేదు.

మీ బాపు బంధువులందరి ముందర, "గా మాట అననోడు అవ్వకు కొడుకే గాడు" అన్నారు.

నేను లేచి బస్సెక్కాను. ఆయన పిలవలేదు. నేను పోలేదు. తొమ్మిదేళ్లయింది. వకీలు గారి తమ్ముడు, సైన్సు సారు అని జిల్లా అంతా తెలిసినవాణ్ణి, అవ్వకు కొడుకును కాకుండా పోయాను. ఈ పుస్తకం రాస్తున్నంతసేపూ మొదటి పేజీ ఆయనకే రాస్తున్నాననుకున్నాను. ఇప్పుడు ఆఖరి పేజీలో నేను తప్పు, మొదలు ఉంది అని రాయమంటున్నావు. వ్యాసం చదివాను. లెక్కలో తప్పు దొరకలేదు. అయినా చేయి రావడం లేదు. ఇదీ సంగతి.

ఇంకోటి. అచ్చయిన ఫారాలు తిరగేస్తుంటే తోకచుక్కల అధ్యాయంలో ఒకచోట ఆగిపోయాను. నాకు ఐదేళ్లప్పుడు కనిపించిన హేలీ తోకచుక్కను మిద్దె మీది నుంచి చూశానని రాశాను. అచ్చులో 'కల్లంలో, అన్న భుజం మీద కూర్చొని' అని ఉంది. ప్రూఫు వచ్చినప్పుడు నేను చూసుకోలేదు. చదివిన తర్వాత గుర్తొచ్చింది, మిద్దె కాదు, కల్లమే. అప్పటికి నువ్వు పుట్టలేదు. నీకెట్లా తెలిసింది?

చిన్నాయన


కరీంనగర్,
18 ఆగస్టు 1966

చిన్నాయనా,

ఇక దాచి లాభం లేదు. చెప్పవద్దని బాపు ఒట్టు పెట్టించుకున్నారు. ఆ ఒట్టు ఈరోజు తీసి గట్టున పెడుతున్నాను.

మొదటి ఫారం ప్రూఫులు బల్ల మీద పెట్టి నేను బడికి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే అన్నీ పెన్సిలుతో దిద్ది ఉన్నాయి. భూతద్దం పక్కన పెట్టుకొని బాపు కుర్చీలో కూర్చొని ఉన్నారు. నలభై ఏళ్లు దస్తావేజుల్లో కామాలు, ఫుల్‌స్టాపులు వెతికిన మనిషి. "నువ్వు దిద్దితే వాని పుస్తకం పాడైతది, తే" అన్నారు. అప్పటి నుంచి అన్ని ఫారాలూ ఆయనే దిద్దారు. చేతిరాత మీకు తెలిసిపోతుందని నేను సిరాతో నా చేత్తో ఎక్కించి పంపాను. మీరు మెచ్చుకున్న కన్ను నాది కాదు.

మొదటి ఫారంలోనే మీరు ఆయన మీద రాసిన వాక్యం ఉంది. 'లోకం ఎప్పుడు పుట్టిందో తిథివారాలతో సహా చెప్పగల మూఢుడొకడు నాకు బాగా తెలుసు' అని. ఎవరి గురించో నాకు వెంటనే తెలిసింది. కొట్టేద్దామని పెన్ను తీస్తే బాపు చేయి పట్టుకున్నారు.

"ఉండనియ్యి. గా పుస్తకంల వాడు నన్ను తలుచుకున్నది గా ఒక్క జాగలనే" అన్నారు.

తోకచుక్క దగ్గర మాత్రం ఆగలేకపోయారు. మిద్దె అని చూసి, 'అబద్ధం, మనింటికి అప్పటికి మిద్దెనే లేదు' అని ఆయనే మార్చారు.

ఆయన కండ్ల గురించి నేను రెండు మాటలే రాశాను. మీరు ఏమీ అడగలేదు. కంటి లోపల నరం ఎండిపోతోందట. ఆపరేషనుతో వచ్చేది కాదు, పోయిన చూపు పోయినట్టే. చదివినందుకు పోలేదని, ఎట్లాగైనా పోయేదేనని డాక్టరు చెప్పాడు. మిగిలిన చూపు దేనికి ఖర్చు పెట్టాలో మాత్రం బాపే నిర్ణయించుకున్నారు. చలికాలం అంతా మీ ఫారాలకే పెట్టారు. పదకొండోది దిద్దేటప్పుడు నేను వాక్యం చదువుతుంటే ఆయన వింటూ దిద్దారు. పన్నెండోది ఆయన చూడలేరు.

మీ మీద నాకు కోపం ఉంది. ఆయన మీద కూడా ఉంది. ఇద్దరూ పెద్దవాళ్లు, ఎవరికీ చెప్పలేను.

ప్రమోదిని


నిర్మల్,
2 అక్టోబర్ 1966
(కార్డు)

ప్రమోదినీ, ఉత్తరం అందింది. వెంటనే జవాబు రాయలేకపోయాను. చాలాసార్లు మొదలుపెట్టి చించేశాను. పన్నెండో ఫారం విప్పేయమని కొమురెల్లికి చెప్పు. కొత్తది రాసి పంపుతాను, కొంత సమయం పడుతుంది. మూడు డిగ్రీల సంగతి మీ బాపుకు చెప్పావా? చెబితే ఏమన్నారు? ఉన్నదున్నట్టు రాయి. కండ్లకు ఇప్పుడు మనిషి ఆనవాలైనా తెలుస్తోందా?
— చి.


కరీంనగర్,
15 అక్టోబర్ 1966

చిన్నాయనా,

వెలుతురు, చీకటి తెలుస్తున్నాయి. గుమ్మంలో ఎవరైనా నిలబడితే ఎవరో ఉన్నారని తెలుస్తుంది. ఎవరన్నది గొంతును బట్టి పోల్చుకుంటారు.

మూడు డిగ్రీల సంగతి హైదరాబాదు నుంచి వచ్చిన నాడే చెప్పాను. నిజం చెప్పాలంటే, సంబరపడతారేమోనని భయపడుతూనే చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నారు. అన్ని దిక్కులా సమానంగా ఉంటుందంటే నమ్మకం కుదరక, "మనింట్ల గూడనా?" అని అడిగారు. మనింట్లో కూడా అన్నాను. సంబరం ఏమీ కనిపించలేదు.

"వాడు పరేషాన్ అయితడు, జర మెల్లగ చెప్పు" అన్నారు. అది మొదటి మాట.

ఇది బ్రహ్మదేవుడి సంగతి కాదని, వేడి సంగతి మాత్రమేనని నేను చెప్పాను. అందుకు, "నాకు తెలుసు తియ్యి. నేను గా వేడినే దేవుడంటె వాడు నవ్వుతడు. నవ్వనియ్యి. నవ్వేటందుకన్న ఇంటికొస్తడు గద" అన్నారు.

ఉన్నదున్నట్టు రాయమన్నారు, రాశాను. ఇన్నాళ్లూ ఇది మీకు ఎందుకు రాయలేదో నాకే తెలియదు. మీరు మీ అంతట మీరు మారాలని మొండికేశానేమో. ఈ మొండితనం మన ఇంట్లో అందరికీ ఉంది.

ఫారం విప్పేశారు. కొమురెల్లి ఊపిరి పీల్చుకున్నాడు గానీ, రాబోయే ఎలక్షన్లకు కరపత్రాలు మొదలైతే జనవరి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మన పని ముట్టుకోనని ముందే చెబుతున్నాడు. తొందరగా రాయండి.

ప్రమోదిని


నిర్మల్,
28 డిసెంబర్ 1966

బిడ్డా,

ఆఖరి ఫారం రాతప్రతి దీనితో పంపుతున్నాను. ఈ ఉత్తరం, అది, రెండూ మీ బాపుకు చదివి వినిపించు. ఆయనకు నేను నేరుగా రాయాలనుకున్నాను. మొదటి మాట దగ్గరే కలం ఆగింది. నీ నోటి నుంచి పోతే సులువు.

అధ్యాయంలో దాచింది ఏమీ లేదు. ఈ పుస్తకం మొదటి వాక్యం నేను నమ్మి రాశాను, అది అచ్చయిన తర్వాత తెలిసిన సంగతి ఇది అని మొదలుపెట్టాను. రొద ఎట్లా దొరికిందో, పావురాలతో సహా రాశాను. నేను ముందు నవ్వానని, తర్వాత లెక్క చూసి నవ్వు ఆపానని కూడా రాశాను. మొదటి పేజీ ఒకటి చెప్పి, ఆఖరి పేజీ ఇంకోటి చెప్పే పుస్తకాన్ని ఎవరు కొంటారని చిన్నమ్మ అడిగింది. పిల్లలు కొంటే చాలన్నాను. ఒక మాట తప్పని ఎట్లా తెలుస్తుందో వాళ్లు కళ్లారా చూస్తారు.

మీ బాపుకు చెప్పు: నేను ఓడింది ఆయనకు కాదు, ఆ రొదకు. సంకల్పం ఇప్పటికీ చెప్పను. అందులో లెక్క కూడా సరిపోదు. కావాలంటే కూర్చొని వేసి చూపిస్తాను.

పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక ఉంటుంది కదా, అదీ ఈ ఫారంలోనే వస్తుంది. 'విశ్వానికి పుట్టుక లేదు' అన్న వాక్యాన్ని అందులో చేర్చలేదు. అది అచ్చు తప్పు కాదు, నా తప్పు; దానికి అధ్యాయమే రాశాను. మిగతా చిన్నచిన్న తప్పులు ఉన్నాయి. వాటిలో ఒకటి ఇట్లా రాశాను:

'మూడో పేజీ, కింది నుంచి నాలుగో వరుస: "మూఢుడొకడు" అని ఉన్నచోట "మా అన్న" అని చదువుకోవాలి.'

ప్రూఫు పోస్టులో పంపవద్దు. కూర్పు పూర్తవగానే కబురు చెయ్యి, నేనే వస్తాను. నేను చదువుతాను, ఆయన విని తప్పులు చెబుతారు. ఆయన కంటే బాగా దిద్దేవాళ్లు నాకు దొరకలేదు. చిన్నమ్మ కూడా వస్తానంటోంది. మీ ఇంటికి రావచ్చునో లేదో ఆయన్ను అడిగి రాయి. అడగడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను.

విద్యాసాగర్‌రావు


కరీంనగర్,
11 జనవరి 1967

చిన్నాయనా,

కూర్పు నిన్నటితో పూర్తయింది. కొమురెల్లి ఒక పార్టీవాళ్ల కరపత్రాలను ఇంకో ప్రెస్సుకు పంపించి మన ఫారానికి అక్షరాలు ఇచ్చాడు. ఎందుకని అడిగితే, ఆఖరి అధ్యాయం కూర్చుతుంటే చదివాడట, నడుమ ఆపబుద్ధి కాలేదట. సోమవారం జగిత్యాల మీదుగా వచ్చే బస్సెక్కండి. చిన్నమ్మను తప్పకుండా తీసుకురండి.

రాతప్రతి ప్రెస్సు నుంచి తిరిగి రాగానే, అదీ మీ ఉత్తరమూ బాపుకు ఈ పొద్దున కూర్చోబెట్టి చదివి వినిపించాను. రొద దగ్గర తల ఊపారు. పావురాల దగ్గర నవ్వారు. సంకల్పంలో లెక్క సరిపోదన్న దగ్గర, "రానియ్యి, వాని లెక్క నేను చూస్త" అన్నారు. ఇంటికి రావచ్చునా అన్న ప్రశ్న చదివినప్పుడు కండ్లు తుడుచుకున్నారు. ఎందుకు తుడుచుకున్నారో నేను అడగలేదు.

తప్పొప్పుల పట్టిక చదువుతుంటే మూడో పేజీ దగ్గర ఆపించి మళ్లీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి అన్నారు. ఇంకోసారీ చదివాను. తర్వాత ఆ వరుస కొట్టేయమన్నారు. చిన్నాయన అంత ఇష్టంగా రాస్తే ఎందుకు కొట్టేయాలని నేను గట్టిగానే అడిగాను.

"పుస్తకంల నన్ను మూఢుణ్ణే ఉండనియ్యి. అన్నా అని ఇంటికొచ్చి పిలువుమను" అన్నారు.

ప్రెస్సుకు పోయి ఆ వరుస తీయించి వచ్చాను.

ప్రమోదిని